బాబాయి చెప్పిన ఎడమచేతి కథ

నేను పుట్టడమే పుర్రచేతి వాటంతో పుట్టాను. 1960ల చివర మా బరంపురంలో అది చిన్న తప్పు కాదు. కంచంలోకి ఎడమ చెయ్యి వెళితే నాన్నమ్మ గరిటె కాడతో ఆ చేతి మీద ఒకటి వేసేది. గుడిలో తీర్థానికి ఆ చెయ్యి చాపితే పూజారిగారు ఉద్ధరిణి వెనక్కి తీసుకునేవారు. ఇక బడిలో సంగతి చెప్పనక్కర్లేదు. పలక మీద నా ఎడమ చెయ్యి కనపడితే చాలు, మాస్టారు చెక్క బద్ద అందుకునేవారు. చదునుగా వేసినా సరిపోయేది. బద్దను నిలువుగా పట్టి, అంచుతో, వేలి కణుపుల మీద కొట్టేవారు. ఆ దెబ్బకు నొప్పి వెంటనే రాదు. ఒక క్షణం చెయ్యి మొద్దుబారి, తర్వాత మోచేతి దాకా జివ్వున లాగుతుంది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఆ చెయ్యి వెనక్కి లాక్కోబుద్ధవుతుంది.

నేను మూడో తరగతిలో ఉండగా, ఒకరోజు ఉబ్బిన వేళ్లు చొక్కా జేబులో దాచుకుని ఇంటికొచ్చాను. అరుగు మీద కూర్చున్న బాబాయి జేబులోంచి నా చెయ్యి బయటకు తీశాడు. ఎవరు కొట్టారని అడగలేదు. అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి అన్నాడు:

"ఇదే చేత్తో ఒకడు మొన్న ఫిబ్రవరిలో లోకాన్ని గెలిచాడురా. నువ్వు దీన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు."

అమెరికా బాక్సర్ జో ఫ్రేజియర్ పేరు నేను మొదటిసారి విన్నది అలాగే. అది 1970.

మా బాబాయి కొన్నేళ్లు సైన్యంలో పనిచేసి వచ్చి, రైల్వేస్టేషనులో పార్సిల్ గుమాస్తాగా చేరాడు. సైన్యంలో ఉన్న రోజుల్లోనే బాక్సింగ్ నేర్చుకున్నాడు. మేము చేనేత కుటుంబం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, వాటి మీద బరంపురం పట్టు చీరలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడే దాకా మా ఊరు మద్రాసు రాజధానిలోనిది. రాష్ట్రం మారినా మా వీధి మాట మారలేదు. బడిలో ఒడియా, సంతలో ఒడియా, ఇంట్లోనూ మగ్గం దగ్గరా తెలుగు. తెలుగు అక్షరాలూ గుండ్రం, ఒడియా అక్షరాలూ గుండ్రం. ఆ సున్నాలు నేను ఎడమచేత్తో ఎంత చక్కగా చుట్టేవాణ్నో బాబాయి ఒక్కడికే తెలుసు.

వీధి చివర తాలింఖానా, అంటే వ్యాయామశాల, ఉండేది. పెంకుటిల్లు, మట్టి నేల, గోడకు ఆంజనేయస్వామి పటం, పక్కనే మల్లయోధుడు కోడి రామమూర్తిగారి ఫోటో. రామమూర్తిగారిది మాకు ఆవల ఉన్న వీరఘట్టం. చివరి రోజులు ఒడిశాలోనే గడిపి, 1942లో బలంగీర్‌లో కన్నుమూశారు. అందుకే అటు తెలుగువాళ్లకూ ఇటు ఒడియావాళ్లకూ ఆయన మా మనిషే. కుస్తీ, కర్రసాము, బరువులు ఎత్తడం అన్నీ ఉన్న ఆ తాలింఖానాకు బాక్సింగ్ తెచ్చినవాడు మా బాబాయి. తెచ్చాడంటే పెద్దగా ఏమీ కాదు, దూలానికి ఒక గోనె బస్తా కట్టాడు. అందులో నేతలో మిగిలిన చిక్కునూలు, గుడ్డ పీలికలు, ఊక, ఎండిన మొక్కజొన్న బెండ్లు, నడిమధ్యన ఒక ఇటుక. ఇటుక ఎందుకని అడిగితే, "ఫ్రేజియర్ బస్తాలో ఉంది కాబట్టి" అనేవాడు.

ఆ మాట నిజమే. ఫ్రేజియర్ పుట్టింది 1944లో, అమెరికాలో దక్షిణ కరొలైనా రాష్ట్రపు బ్యూఫోర్ట్ దగ్గర పల్లెలో. పన్నెండు మంది పిల్లల్లో కడగొట్టువాడు. ఇంట్లో కొత్తగా వచ్చిన నలుపు తెలుపు టీవీలో పెద్దవాళ్లు బాక్సింగ్ చూస్తుంటే వెనక నిలబడి చూసేవాడు. వీడు రేపు బాక్సింగ్ చాంపియన్ జో లూయీ అంతటివాడు అవుతాడని మేనమామో, చిన్నాన్నో, ఆ వరసలో ఒకాయన అన్నాడు. ఆ మాట పిల్లవాడి చెవిలో ఉండిపోయింది. మర్నాడే పాత గోనె సంచిలో గుడ్డలూ, మొక్కజొన్న బెండ్లూ, ఇటుకా, చెట్లకు వేలాడే నాచూ కుక్కి ఓక్ చెట్టు కొమ్మకు కట్టాడు. చేతులకు మెడపట్టీనో మేజోళ్లో చుట్టుకుని రోజూ గంటసేపు దాన్ని కొట్టేవాడు. ఇవన్నీ బాబాయికి ఏ పత్రికలో దొరికాయో నాకు తెలియదు. పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడి చేతికి రాని కాగితం ఉండదు కదా. కొన్ని బాబాయి చెప్పినవి, కొన్ని తర్వాత నేను చదువుకున్నవి. ఏది ఏదో విడదీయలేనంతగా ఇప్పుడు అవి నాలో కలిసిపోయాయి.

బాబాయి చెప్పినవాటిలో నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది బాక్సింగ్ కాదు, ఆ పిల్లవాడి తండ్రి.

ఫ్రేజియర్ తండ్రి పేరు రూబిన్. ఒక గొడవలో తుపాకి గుండు తగిలి ఎడమ చెయ్యి పోయింది. ఒంటిచేత్తోనే వ్యవసాయం చేసేవాడు. చిన్న కొడుకు ఎప్పుడూ ఆయన ఎడమ పక్కనే నిలబడేవాడు. తండ్రి కుడిచేత్తో సుత్తి పడితే కొడుకు మేకు పట్టుకునేవాడు. తండ్రి రంపం లాగితే కర్ర అవతలి కొస కొడుకు పట్టుకునేవాడు. తండ్రికి ఎడమ చెయ్యి తానేనని ఫ్రేజియర్ జీవితమంతా చెప్పుకున్నాడు.

ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మా మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. మా చీరకు ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు. అంచు మీద కోవెల గోపురాల్లా కుంభాలు లేవాలి. చీర ఒంటి పేకకు, అంటే అడ్డపోగుకు, ఒక నాడె (పోగును అటూ ఇటూ మోసే కొయ్య సాధనం), అంచు పేకకు వేరే నాడె. తాతయ్య గుంటలో కాళ్లు పెట్టుకుని నడుమ నాడె విసురుతుంటే, పక్కన ఒక పిల్లవాడు కూర్చుని అంచు నాడె అందించాలి. ఆ పక్క ఎడమ పక్క. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు అక్కడ కూర్చుంటే ప్రతిసారీ ఒళ్లు మెలితిప్పాలి. మా అన్నయ్య పది పోగులకే అలిసిపోయేవాడు. నాకు మాత్రం చెయ్యి దానంతట అది వెళ్లేది. నాడె పడుగు నిలువు పోగుల్లోకి జారేటప్పుడు పాము గడ్డిలో పోయినట్టు చిన్న చప్పుడు అవుతుంది. ఆ చప్పుడూ, తాతయ్య మగ్గం పలక లాగి కొట్టిన చప్పుడూ ఒకదాని వెంట ఒకటి పడితేనే నేత సాగుతున్నట్టు. ఇంటిల్లిపాదీ నా పుర్రచేతిని తిట్టినా తాతయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు. "ఆ పక్కకు వాణ్ని పిలవండి" అని మాత్రం అనేవాడు. ఆ పిలుపు ఎంత గొప్పదో నాకు ఫ్రేజియర్ తండ్రి కథ వినే దాకా తెలియలేదు.

ఫ్రేజియర్ ఎడమ చెయ్యి కూడా సరైన చెయ్యి కాదు. చిన్నప్పుడు ఒక మదించిన పంది తరుముకొస్తే పరిగెత్తి పడ్డాడు, చెయ్యి విరిగింది. వైద్యుడి దగ్గరకు వెళ్లే డబ్బు ఆ ఇంట్లో లేదు. ఎముక దానంతట అదే అతుక్కుంది, కానీ వంకరగా. ఆ తర్వాత చెయ్యి పూర్తిగా చాచలేకపోయాడు. మోచేతి దగ్గర వంగి ఉండిపోయిన ఆ చెయ్యే ఎడమ హుక్ అనే దెబ్బకు అచ్చుగా అమరింది. బాబాయి తన చెయ్యి మడిచి చూపించేవాడు: "హుక్ కొట్టాలంటే ఇంతే వంగాలి. దేవుడు వాడికి ముందే వంచి ఇచ్చాడు."

పదిహేనేళ్లకే ఊరు వదిలాడు. పొలంలో ఒక తెల్ల ఆసామి చిన్న నల్ల పిల్లవాణ్ని బెల్టుతో కొట్టాడు. చూసింది చూసినట్టు నలుగురికీ చెప్పినందుకు ఆ ఆసామి వీణ్ని పనిలోంచి పొమ్మన్నాడు. ఇక అక్కడ బతకనివ్వరని ఇంట్లోవాళ్లకు అర్థమైంది. బస్సెక్కి న్యూయార్క్‌లోని అన్న దగ్గరకు, అక్కణ్నుంచి ఫిలడెల్ఫియాకు చేరాడు. పశువుల వధశాలలో పని దొరికింది. అక్కడి చల్లటి గదిలో కొక్కేలకు వేలాడే మాంసపు కండలనే బస్తాలు అనుకుని కొట్టేవాడు. ఒళ్లు లావెక్కిందని, తగ్గడానికి పోలీసులు పిల్లల కోసం నడిపే వ్యాయామశాలకు వెళ్లాడు. అక్కడ యాంక్ డర్హమ్ అనే శిక్షకుడి కంటపడ్డాడు. రైల్వేలో వెల్డింగ్ పనిచేసే మనిషి ఆయన. "రైల్వేవాడే!" అని బాబాయి ఈ ముక్క ప్రతిసారీ గట్టిగా చెప్పేవాడు. గ్లవ్స్‌లోంచి పొగ రావాలి అనేవాడట డర్హమ్. అందుకే ఫ్రేజియర్‌కు 'స్మోకింగ్ జో' అని పేరు పడింది. పొయ్యి దగ్గర పిన్ని కళ్లు నులుముకుంటూ ఉంటే బాబాయి, "ఫ్రేజియర్ వచ్చాడే" అనేవాడు.

అమెచ్యూర్ పోటీల్లో వాడు ఎదిగిన తీరు బాబాయి చాలా నిదానంగా చెప్పేవాడు. అందులో ఒక ఓటమి ఉంది. దాన్ని దాటించి చెబితే బాబాయికి ఇష్టం ఉండేది కాదు. 1962 నుంచి వరసగా మూడేళ్లు గోల్డెన్ గ్లవ్స్ పోటీల్లో గెలిచాడు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు అమెరికా జట్టును ఎంపిక చేసే పోటీలో బస్టర్ మాథిస్ చేతిలో ఓడిపోయాడు. మాథిస్ కొండంత మనిషి. ఓడినవాడికి టోక్యోలో పని లేదు. బాక్సింగ్ మానేద్దామనుకున్నాడు. డర్హమ్ నచ్చజెప్పి, మాథిస్‌కు అభ్యాసంలో తోడుగా ఉండేందుకు పంపాడు. తనను ఓడించినవాణ్నే సిద్ధం చేయడానికి రోజూ దెబ్బలు తినడమన్నమాట. అంతలో మాథిస్ చేతికి దెబ్బ తగిలి తప్పుకున్నాడు. ఆ చోటు ఫ్రేజియర్‌కు దక్కింది.

టోక్యోలో ఆస్ట్రేలియావాడు మెక్వీన్ ఫ్రేజియర్‌ను కింద పడేశాడు. లేచి వాణ్ని ఓడించాడు. సెమీఫైనల్లో సోవియట్ వీరుడు యెమెల్యానొవ్‌ను రెండో రౌండులో ఆపాడు, అయితే అక్కడే ఎడమ బొటనవేలు విరిగింది. ఆ ఎడమ చెయ్యే. చెబితే వైద్యులు ఆడనివ్వరని ఎవరికీ చెప్పలేదు. ఫైనల్లో జర్మనీకి చెందిన హాన్స్ హ్యూబర్‌తో మూడు రౌండ్లూ చాలావరకు కుడిచేత్తోనే నెట్టుకొచ్చాడు. అయిదుగురు న్యాయనిర్ణేతల్లో ముగ్గురు ఇతని వైపు, ఇద్దరు అతని వైపు. ఆ ఏడాది అమెరికా బాక్సర్లకు దక్కిన బంగారు పతకం అదొక్కటే.

బంగారం తెచ్చాడు కానీ ఇంట్లో గింజ లేదు. వేలికి శస్త్రచికిత్స అయింది, వధశాలలో పనికి వెళ్లలేడు, భార్యా పిల్లలూ ఉన్నారు. ఒలింపిక్ వీరుణ్ని నమ్మి డబ్బు పెట్టేవాడు వెంటనే దొరకలేదు. 1965 ఆగస్టులో ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ ఆడి మొదటి రౌండులోనే గెలిచాడు. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో కొందరు కలిసి 'క్లోవర్‌లే' అనే సంఘం పెట్టారు. ఒక్కో వాటా 250 డాలర్లు. వారం వారం ఇతనికి జీతం, పోటీలో వచ్చినదాంట్లో అందరికీ భాగం. ఈ ఏర్పాటు మా తాలింఖానాలో ఎవరికీ అర్థం కాలేదు. బాబాయి చివరకు చీటీలతో పోల్చి చెప్పాడు. "మన వీధిలో పదిమంది కలిసి ఒకడికి మగ్గం పెట్టించి, వాడు నేసిన చీర మీద లాభం పంచుకున్నట్టు" అన్నాడు. అప్పుడు మూల కూర్చున్న ముసలాయన, "మన వీధిలో అలాంటి పదిమంది ఏరీ?" అన్నాడు. నిజానికి ఆ ప్రశ్న ఒక్క మా వీధిదే కాదు. ఆ రోజుల్లోనే మన హవా సింగ్ 1966లోనూ 1970లోనూ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ బంగారు పతకాలు తెచ్చాడు. అంతటి మనిషికి కూడా ఆ పైన ప్రొఫెషనల్ బాక్సింగ్ అనే దారి మన దేశంలో లేదు. బాబాయి హవా సింగ్ మాట ఎత్తినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు.

ప్రొఫెషనల్ పోటీలను బాబాయి గబగబా దాటించేవాడు, నేనూ అంతే. అర్జెంటీనా బొనవేనా 1966లో ఒకే రౌండులో రెండుసార్లు పడేసినా లేచి గెలిచాడు. మరుసటి ఏడు మహమ్మద్ అలీ వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని చెప్పి కిరీటం పోగొట్టుకున్నాడు. ఖాళీ అయిన ఆ పీఠానికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులు లేచారు. 1968 మార్చిలో న్యూయార్క్ బిరుదు కోసం ఫ్రేజియర్ ఎదుర్కొన్నది ఎవరిననుకున్నారు? బస్టర్ మాథిస్‌ను. పదకొండో రౌండులో ఎడమ హుక్. నాలుగేళ్ల కిందటి బాకీ తీరింది. 1970 ఫిబ్రవరి 16న ఇంకో బిరుదు ఉన్న జిమ్మీ ఎల్లిస్‌ను నాలుగో రౌండులో రెండుసార్లు కింద పడేశాడు. అయిదో రౌండుకు ఎల్లిస్ లేవలేదు. బాబాయి నా చెయ్యి జేబులోంచి తీసి చూసింది దాని తర్వాతే.

అయినా లోకం అలీనే చాంపియన్ అంది. ఎందుకంటే అలీని ఎవరూ ఓడించలేదు కదా. మా తాలింఖానాలోనూ అందరూ అలీ వైపే. అందగాడు, మాటకారి, అన్యాయానికి ఎదురు నిలిచినవాడు. నేనూ అలీని తక్కువ చేయను. కానీ అలీకి లైసెన్సు లేని రోజుల్లో ఫ్రేజియర్ చేతి డబ్బు ఇచ్చాడు, అతణ్ని మళ్లీ ఆడనివ్వమని పెద్దల దగ్గర మాట్లాడాడు. ఆ అలీయే తర్వాత పత్రికలవాళ్ల ముందు ఇతణ్ని తెల్లవాళ్ల బానిస అన్నాడు, కోతితో పోల్చాడు. తోటి నల్లవాణ్ని, కూలి చేసుకుని పైకొచ్చినవాణ్ని అలా అనడం బాబాయికి సొంత తమ్ముణ్ని అన్నట్టే తగిలింది. ఆ మాటలు అమెరికాలో ఫ్రేజియర్ పిల్లల్ని బడిలో ఏడిపించేదాకా వెళ్లాయట. బడిలో ఏడిపించడమంటే ఏమిటో నాకు తెలుసు.

1971 మార్చి 8 రాత్రి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఇద్దరూ తలపడ్డారు. మనకు అది మార్చి 9 ఉదయం. ఫ్రేజియర్ 26 పోటీలు, అలీ 31 పోటీలు, ఇద్దరిలో ఎవరికీ ఒక్క ఓటమి లేదు. చెరి 25 లక్షల డాలర్లు. మా దేశంలో ఆ రోజులు లోక్‌సభ ఎన్నికల రోజులు. రేడియో తిప్పితే ఎన్నికలే, వీధి మలుపులో ఎన్నికలే. బాబాయి ఆ రోజు పనికి సెలవు పెట్టి, ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని మా డాబా మీద కూర్చున్నాడు. ఏ స్టేషనూ నిలవడం లేదు. గరగరలోంచి ఇంగ్లీషు మాట ఒకటి వచ్చి మళ్లీ మునిగిపోయేది. నాన్నమ్మ వడియాలు ఎండబెట్టుకుంటూ, "వాడు గెలిస్తే నీకేమిటి, ఓడితే నీకేమిటిరా" అంది. బాబాయి సమాధానం చెప్పలేదు.

సాయంత్రం దాకా ఏమీ తెలియలేదు. మర్నాడు మధ్యాహ్నం రైల్లో వచ్చిన తెలుగు పత్రికలో, ఎన్నికల వార్తల అడుగున, అగ్గిపెట్టంత చోటులో ఉంది. ఫ్రేజియర్ నెగ్గాడు. పదిహేను రౌండ్లు. ఆఖరి రౌండులో ఎడమ హుక్ తగిలి అలీ వెల్లకిలా పడ్డాడు. అలీ వెంటనే లేచాడు. రిఫరీ, ఇద్దరు న్యాయనిర్ణేతలు, ముగ్గురూ ఫ్రేజియర్‌నే విజేత అన్నారు. బాబాయి ఆ ముక్క కత్తిరించి తాలింఖానాలో రామమూర్తిగారి ఫోటో కింద గంజితో అంటించాడు. ఆ రోజు నన్ను బస్తా ముందు నిలబెట్టి మొదటిసారి ఎడమ హుక్ నేర్పాడు. "చెయ్యి కాదు, ముందు మడమ తిరగాలి. తర్వాత నడుము. చెయ్యి ఊరికే వెంట వస్తుంది" అన్నాడు. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో బస్తా లోపల ఇటుక కదిలిన చప్పుడు వినపడింది. బాబాయి ముఖం చూశాను. ఆ ముఖం ఇంకా నా కళ్ల ముందు ఉంది.

ఆ తర్వాత వచ్చిన మా ఊరి అమ్మవారి ఠాకురాణీ జాతరకు పిల్లలంతా వేషాలు కట్టారు. మొక్కు ఉన్నవాళ్లు పులి వేషం, మిగతావాళ్లు ఎవరికి తోచింది వాళ్లు. పిన్ని పాత పట్టు పీలికలు కుట్టి, దూది కూరి నాకు బాక్సింగ్ గ్లవ్స్ చేసిచ్చింది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. ఎరుపు ఎడమ చేతికి అని నేనే అడిగి వేయించుకున్నాను. ఊరంతా నన్ను చూసి "అలీ! అలీ!" అని కేకలు వేశారు. కాదని ఎంతమందికి చెప్పను?

1973లో కింగ్‌స్టన్‌లో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఫ్రేజియర్‌ను ఆరుసార్లు పడేశాడు. ఆ వార్త గురించి బాబాయి ఏమీ మాట్లాడలేదు, నేనూ ఏమీ అడగలేదు. 1975 అక్టోబరు 1న మనీలాలో అలీతో మూడో పోటీ. అప్పటికి ఇద్దరూ చెరొకటి గెలిచి ఉన్నారు. పద్నాలుగు రౌండ్లు ఆ ఉక్కలో ఒకరినొకరు చంపుకున్నంత పని చేశారు. ఫ్రేజియర్ ఎడమ కంటికి శుక్లం ఉందనీ, చాలా ఏళ్లుగా ఆ కన్ను సరిగా కనపడదనీ బయటివాళ్లకు తెలియదు. ఆ రోజు కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఇక వచ్చే దెబ్బ ఎటునుంచి వస్తుందో కనపడదు. పదిహేనో రౌండుకు లేవబోతే శిక్షకుడు ఎడ్డీ ఫచ్ భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టేశాడు. తనకు ఇంకా ఆడాలని ఉందని ఫ్రేజియర్ మొత్తుకున్నాడు. ఫచ్ అంతకుముందు రింగులో మనుషులు చనిపోవడం చూసినవాడు. ఆయన చేసింది సరైన పని అని బాబాయి ఆనాడే అన్నాడు. నాకు మాత్రం అది ఒప్పుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది, నాకూ పిల్లలు పుట్టాక ఒప్పుకున్నాను.

నా బాక్సింగ్ గురించి కూడా ఒక మాట రాయాలి. పదిహేడేళ్లప్పుడు మా ప్రాంతం నుంచి ఒక జట్టును పోటీలకు పంపుతుంటే ఎంపికలో పాయింట్ల మీద ఓడాను. నన్ను అదనపు ఆటగాడిగా రాసుకున్నారు. ఇంటికి రాగానే బాబాయి అన్నది ఒకటే: "మాథిస్ కథ గుర్తుందిగా. రేపు నాలుగున్నరకు లే." నలభై రోజులు, తెల్లవారుజామున, గోపాలపురం రోడ్డు మీద నేను పరిగెత్తడం, వెనక సైకిలు మీద బాబాయి. సముద్రపు గాలి ఉప్పగా తగిలేది. సైకిలు గొలుసు చప్పుడు వెనక ఉందంటే నాకు కాళ్లు ఆగేవి కావు. జట్టులో ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. నాకు పిలుపు రాలేదు. జట్టు రైలెక్కిన మర్నాడు కూడా నాలుగున్నరకు బాబాయి తలుపు తట్టాడు. ఎందుకని నేను అడగలేదు. లేచి వెళ్లాను.

1980 జనవరిలో అలీ మద్రాసు వచ్చాడు. నెహ్రూ స్టేడియంలో ప్రదర్శన పోటీ అని తెలిసి బాబాయి రైల్వే పాస్ మీద బయలుదేరాడు. "అలీని చూడటానికి నువ్వు వెళుతున్నావా!" అని తాలింఖానాలో అంతా ఆశ్చర్యపోయారు. "అలీని కాదు, వెంట వచ్చినవాణ్ని చూడటానికి" అన్నాడు. అలీతో ఆడటానికి వెంట వచ్చినవాడు జిమ్మీ ఎల్లిస్. ఫ్రేజియర్ ఎడమ హుక్ తిన్న మనిషిని దూరం నుంచైనా కళ్లారా చూడాలని మా బాబాయి అంత దూరం వెళ్లి, జనంలో నిలబడి చూసి, మర్నాటి మెయిల్లో తిరిగి వచ్చాడు. ఎలా ఉన్నాడని అడిగితే, "మంచివాడిలా ఉన్నాడు" అన్నాడు.

నేను ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చేశాను. మగ్గాలు ఒకటొకటే ఆగిపోయాయి. తాలింఖానా చోటులో ఇప్పుడు దుకాణాలు. ఫ్రేజియర్ కూడా చివరి రోజుల్లో ఫిలడెల్ఫియాలో తన వ్యాయామశాల మీది గదిలోనే చాలాకాలం ఉన్నాడని చదివాను. ఆ నగరంలో 'రాకీ' సినిమాలోని బాక్సర్‌కు ఎప్పుడో విగ్రహం నిలబెట్టారు. మాంసపు కండలు కొట్టడం ఆ సినిమావాళ్లు తీసుకున్నది ఇతని బతుకులోంచే. నిజమైన చాంపియన్‌కు మాత్రం చనిపోయిన నాలుగేళ్లకు, 2015లో గానీ అక్కడ విగ్రహం లేవలేదు. ఈ విషయంలో నా కోపం తగ్గదు.

2011 నవంబరు 7న ఫ్రేజియర్ కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. ఆ వార్త పత్రికలో చూసి బరంపురం ఫోను చేశాను. బాబాయికి అప్పటికి డెబ్బై దాటాయి. "తెలిసిందిరా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, పెట్టేసే ముందు అడిగాడు: "అలీ వెళతాడా?"

వారానికి అంత్యక్రియల వార్త వచ్చింది. మళ్లీ చేశాను.

"వెళ్లాడు బాబాయ్. వణుకుడు జబ్బు కదా, పక్కన మనుషులు పట్టుకుని తీసుకొచ్చారు. అక్కడ పెద్దాయన ఒకాయన, అందరూ లేచి ఫ్రేజియర్‌కు ఒక్కసారి చప్పట్లు కొట్టండి అన్నాడట. అలీ కొట్టాడు."

"కూర్చునా?"

"లేదు. లేచి నిలబడి."

అటువైపు నుంచి మాట లేదు. ఫోను కింద పెట్టిన చప్పుడూ లేదు. చాలాసేపటికి పిన్ని గొంతు వినపడింది. "ఏం చెప్పావురా మీ బాబాయికి? అరుగు మీద కూర్చుని ఏడుస్తున్నాడు."

"ఫ్రేజియర్ పోయాడు కదా పిన్నీ" అన్నాను.

"వాడు పోయి వారమైందిగా" అంది పిన్ని.